గుట్టకిందామె గుడాలు

నా చిన్నప్పుడు మా వాడ చర్చిలో బెంచీలు లేవు. బండరాళ్ళ గోడలు, పైన పెంకులు, కింద చాపలు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. అయ్యగారు నడవడానికి మధ్యలో వదిలిన సన్నని దారిలో మేము పిల్లలం ఒదిగి కూర్చునేవాళ్ళం. పాస్టరును మా వైపు అయ్యగారనే అంటాం. అప్పట్లో మాది మహబూబ్‌నగర్ జిల్లా. కల్వకుర్తి అంగడికి పోవాలంటే తెల్లారకముందే బండి కట్టాలి. ఇప్పుడు రాష్ట్రం వేరైంది, జిల్లా పేరు మారింది, మా చర్చి స్లాబు వేసుకుంది. మోకాళ్ళు వంగక నేను కుర్చీలో కూర్చుంటున్నాను. అయినా నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు జరిగిన ఆ కోతల పండుగ మాత్రం మనసులో నుంచి కదలలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో మాకు కొత్త అయ్యగారు వచ్చారు. నల్లగొండ వైపు మనిషి, వయసు తక్కువ, గొంతు మంచిది. వచ్చిన కొద్ది రోజులకే ఒక ఆదివారం వాక్యం చెప్పడం అయ్యాక, విశ్వాసంతో ఒక గురి పెట్టుకుందామన్నారు. విత్తనం వేసిన రైతు మొలక కోసం చూడడానికి సిగ్గుపడడు కదా, సంఘం పెరగాలని అడగడానికి మనకెందుకు సిగ్గు అన్నారు. కోతల పండుగ నాటికి ఒక్కో ఇల్లు ఒక్కో కొత్త మనిషిని తీసుకురావాలి. ఎవరిని తెస్తారో లేచి చెబితే, అందరం ఆ పేరు మీద ప్రార్థన చేస్తాం అన్నారు.

మా వాళ్ళకు ఆ మాట నచ్చింది. నచ్చిన వెంటనే ఒకరి మీద ఒకరికి అనుమానమూ మొదలైంది. తాము అనుకున్న చుట్టాన్ని ముందే ఇంకొకరు చెప్పేస్తారేమోనని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకే బావమరిదిని రెండు ఇళ్ళవాళ్ళు చెప్పుకుని అక్కడే గొంతులు లేపారు. మా చిన్నతాత, అంటే మా తాత తమ్ముడు, అప్పట్లో సంఘ పెద్ద. ఆయన తన వియ్యంకుడి పేరు చెప్పాడు. ఆ వియ్యంకుడు పండుగ నాడు కోడికూర కోసం ఎలాగూ వస్తాడని వాడలో అందరికీ తెలుసు.

మా ఇంటి వంతు వచ్చింది. మా తాత అప్పటికే చనిపోయాడు. బాపు, అమ్మ దూరప్రాంతాలకు కాలువ పనుల మీద పోయారు. ఇంట్లో నేనూ అవ్వే. అవ్వ లేచి కొంగు సర్దుకుని, "గుట్టకిందామెను తోల్కొస్త అయ్యగారూ" అంది.

ఎవరూ ఆ పేరు మీద ప్రార్థన చేయలేదు. చిన్నతాత దగ్గాడు. కొత్తవాడైన అయ్యగారికి సంగతి తెలియక తానొక్కడే కళ్ళు మూసుకుని ప్రార్థించి, కళ్ళు తెరిచి, మా మొహాలు చూసి, గబగబా తర్వాతి ఇంటివాళ్ళను లేవమన్నారు.

గుట్టకిందామె ఒకప్పుడు మా వాడలోనే ఉండేది. పెళ్ళయి వచ్చిన ఏడాదికే మొగుడు పోయాడు. ఆ తర్వాత పక్కింటి బర్రె పోయింది. ఇంకో ఇంట్లో పసిబిడ్డ పోయింది. ప్రతిసారీ ఎవరో ఒకరు, అంతకుముందు రోజు ఆమె అటుగా పోయిందని గుర్తు చేసుకునేవారు. చేతబడిని మా వైపు బాణామతి అంటారు. ఆమె బాణామతి చేస్తుందని మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు, కానీ అందరూ అన్నారు. చివరికి ఆమె వాడ విడిచి గుట్ట కింద ఒక గుడిసె వేసుకుంది. మేకలు కాసుకుంటూ, చీపుర్లు కట్టుకుంటూ బతికేది. మా వాడ పిల్లలకు ఆమె నీడ మీద కాలు పెట్టాలన్నా భయమే.

అలాంటి మనిషిని అవ్వ నిజంగానే చర్చికి తీసుకొచ్చింది. వానాకాలం మొదట్లో ఒక ఆదివారం, అవ్వ వెనకే తల వంచుకుని లోపలికొచ్చి గోడవార కూర్చుంది. కూర్చోగానే ఆ వరుసలోని ఆడవాళ్ళందరూ చాపలు జరుపుకున్నారు. సంఘం పెరగాలని వారాల తరబడి పాడినవాళ్ళు, పెరిగిన ఒక్క మనిషికీ తమకూ మధ్య రెండు చాపల ఖాళీ వదిలారు. అవ్వ ఆ ఖాళీలో కూర్చుని, పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది.

నేను ప్రతి ఆదివారం పాట పాడకుండా ఆమెనే గమనించేదాన్ని. ఆమె పెదవులు కదిలితే, అది పాటేనా ఇంకేదైనానా అని చెవి పెట్టేదాన్ని. నడుముకు ఒక చిన్న గుడ్డసంచి వేలాడేది. అందులో నిమ్మకాయలు, మనుషుల వెంట్రుకలు ఉంటాయని నా స్నేహితురాలు చెప్పింది. ఒకసారి అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే ఆమె ఆ సంచి విప్పడం చూశాను. అవ్వ కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఆమె చిటికెడు తంబాకు తీసి దవడలో పెట్టుకుంది. అయినా నా అనుమానం పోలేదు. ఇంకో సంచి ఎక్కడో ఉండే ఉంటుందనుకున్నాను.

కోతల పండుగ వచ్చింది. ఆ రోజు అందరూ పండిన పంటలో కొంత తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవాళ్ళు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, మట్టి వదలని పచ్చి పల్లికాయ కుప్పలు. ఆరాధన తర్వాత ప్రేమవిందు. ఒక్కో ఇల్లు ఒక్కో వంట తేవాలి.

పొద్దున్నే అవ్వ సత్తు గిన్నె నిండా అలసంద గుడాలు, అంటే గుగ్గిళ్ళు, ఉడకేసి, గిన్నె నెత్తిన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని గుట్ట కిందికి బయలుదేరింది. ఆమెను తోడు తీసుకుని పోదామంది. మేం వెళ్ళేసరికి ఆమె మేకలను పక్క చేనాయనకు అప్పజెప్పడానికి పోయింది. గుడిసె ముందు మూత పెట్టిన నల్లటి మట్టికుండ ఉంది. అవ్వ మూత తీసి చూసింది. అందులోనూ అలసంద గుడాలే. వాసన కమ్మగా ఉంది. అవ్వ ఒక నిమిషం ఆలోచించి, గుడిసె బయటున్న గంపలో మా గుడాలు పోసి, కుండలోవి మా గిన్నెలోకి వంచి, గంపలోవి కుండలోకి ఎత్తి పోసింది. మూత పెట్టి నా వైపు తిరిగి, "నోరు కుట్టుకో బిడ్డా" అంది.

ఆ రోజు ఆరాధనలో నాకు ఒక్క మాట కూడా వినబడలేదు. విందులో వంటలన్నీ వరుసగా పెట్టారు. నల్లకుండను మాత్రం ఎవరో చీపురుపుల్లతో తోసినట్టు చివరికి జరిపారు. వడ్డించేవాళ్ళు దాని దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతున్నారు. మా సత్తు గిన్నె ముందు మాత్రం జనం. చిన్నతాత రెండోసారి పెట్టించుకుని, "వదినె చేతి గుడాలంటే గుడాలే" అని మెచ్చుకున్నాడు. నేను తింటున్నట్టు నటిస్తూ ఒక్కొక్కరి మొహం చూస్తున్నాను. ఎవరు ముందు పడిపోతారో తెలియదు. అవ్వ ఎందుకిలా చేసింది? అవ్వను కూడా ఆమె తన వైపు తిప్పుకుందా? ఆ అనుమానం వచ్చాక మా అవ్వ పక్కన నిలబడడానికీ భయమేసింది.

అంతలో చిన్నతాత మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, కడుపు పట్టుకుని ఏడుస్తూ వచ్చి వాంతి చేసుకుంది. పిల్ల మొహం తెల్లబడిపోయింది. తల్లి ఎత్తుకుని కేకలు వేసింది. ఒక్కసారిగా అందరి చూపులూ గోడవార కూర్చున్న మనిషి మీదికి పోయాయి.

"ఆ కుండలయి ఎవలు వెట్టిన్రు దీనికి?" అని చిన్నతాత అరిచాడు. ఎవరో ఆమె జబ్బ పట్టి లేపారు. వెనక నుంచి ఒక గొంతు, "పండ్లు రాలగొట్టున్రి, పండ్లు లేకుంటే మంత్రం పారది" అంది. ఆ మాట ఉత్త బెదిరింపు కాదని పిల్లలమైనా మాకు తెలుసు. పక్క ఊళ్ళో ఒకామెకు అలాగే పళ్ళు ఊడగొట్టారు. అయ్యగారు చేతులు చాచి అడ్డం నిలబడ్డారు. ఆమె మాత్రం ఏడవలేదు, బతిమాలలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఈనాటికీ ఆ చేతులు కనబడతాయి.

అవ్వ జనాన్ని తోసుకుంటూ పోయి నల్లకుండ తెచ్చి వాళ్ళ మధ్యలో పెట్టి మూత తీసింది. కుండ నిండుగా ఉంది.

"చూస్కోన్రి. ఒక్క గింజ తగ్గిందా? దీన్ని ఎవ్వలన్న ముట్టిన్రా?" అంది. అందరూ చూశారు. అప్పుడు అవ్వ మెల్లగా, "ఇవి నేను వండిన గుడాలు. నా గిన్నెల నుంచి మీరు తిన్నయి ఆమె వండినయి. పొద్దుగాల నేనే మార్చిన" అంది.

ఒక్కొక్కరి చెయ్యీ వాళ్ళ వాళ్ళ కడుపు మీదికి పోయింది. చిన్నతాత గబగబా గోడ వెనక్కి పోయి గొంతులో వేలు పెట్టుకున్నాడు. ఆ చప్పుడు అందరికీ వినబడింది. చెవులు సరిగా వినబడని ఒక ముసలాయన మాత్రం ఇంకా గిన్నె నాకుతూ, "ఇంకిన్ని ఉన్నయా?" అని అడిగాడు. ఇంతలో పిల్ల తల్లి వాంతిలో పచ్చి పల్లికాయ ముక్కలు చూసింది. బలిపీఠం ముందున్న కుప్ప వెనక చూస్తే పొట్టు గుట్టగా పడి ఉంది. ఆరాధన సాగినంతసేపూ ఆ పిల్ల అక్కడ కూర్చుని కానుకలు మేసింది.

ఆమె జబ్బ పట్టుకున్నవాళ్ళు వదిలేశారు. కథ అక్కడ ముగిసి ఉంటే మా అవ్వ గెలిచేది. కానీ ఆమె కుండ తీసుకోకుండానే గుమ్మం దాకా పోయి, అవ్వ వైపు తిరిగింది.

"అత్తా, నా వంట తినకుంటే తినకపోని. నాకది అలవాటే. గిట్ల దొంగచాటుగ తినిపిస్తే నేను మనిషినైతనా?" అంది. గొంతు పెంచలేదు. ఆ మాట అని వెళ్ళిపోయింది.

అయ్యగారు ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, మంచి కోసమైనా మోసం మోసమేనన్నారు. "మోసమే అయ్యగారూ" అని అవ్వ ఒప్పుకుంది. గురి పెట్టుకున్న పండుగ నాటికి మా సంఘం పెరగలేదు. అబద్ధం తినిపించారని రెండిళ్ళవాళ్ళు కోపంతో మానేశారు. చుట్టాలను తెచ్చినవాళ్ళ చుట్టాలు కోడికూర తిని ఊళ్ళకు పోయారు. పాపం అయ్యగారి మొహం చూడలేకపోయాం.

అవ్వ కొన్ని రోజులు సరిగా తినలేదు. తర్వాత ఒక ఆదివారం పొద్దున, చర్చికి పోయే ముందు నన్ను తీసుకుని గుట్ట కిందికి పోయింది. పొద్దున్నే చేన్లు చూసుకుని జనం చర్చికి పోయేది ఆ గుడిసె ముందు బాటనే. అవ్వ లోపలికి పోలేదు. బాట పక్కన, పోయేవాళ్ళందరికీ కనబడేలా బండ మీద కూర్చుని, "ఆకలైతాంది బిడ్డా, ఇంత పెట్టు" అని అడిగింది. ఆమె చాలాసేపు లోపల నుంచి రాలేదు. మేం కూర్చునే ఉన్నాం. చర్చికి పోయేవాళ్ళు నడక ఆపి చూసి పోతున్నారు. చివరికి ఆమె రెండు జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చి అవ్వ ముందు పెట్టింది. నా వైపు చూసి, పెట్టాలా వద్దా అన్నట్టు ఆగింది. అవ్వ నాకు ఏమీ చెప్పలేదు, సైగ కూడా చేయలేదు. నేనే చెయ్యి చాచాను. మొదటి ముక్కను మింగకుండా చాలాసేపు నమిలాను. తొక్కు కారానికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆమె నీళ్ళ చెంబు అందించింది. అప్పుడే ఆమె నవ్వడం మొదటిసారి చూశాను.

ఆ తర్వాత చాలా ఆదివారాలు అవ్వ ఆ బండ మీదే తిన్నది. ఒకనాడు అయ్యగారు వచ్చి మా పక్కన కూర్చున్నారు. తుంచిన రొట్టె ముక్కను నోట్లో పెట్టుకునే ముందు రెండు వైపులా తిప్పి చూసుకున్నారు. నేను చూశాను. అయినా మొత్తం తిన్నారు. మళ్ళీ ఎండాకాలం వచ్చి కొత్త గురి పెట్టుకునే రోజు, ఎవరిని తీసుకొస్తారో చెప్పమని ఆయన అడగలేదు. "మనం ఎవరింట తినమో, ఈ ఏడు వాళ్ళింట తిందాం" అన్నారు. చాలామంది తల వంచుకున్నారు. కొందరు తిన్నారు. చిన్నతాత చనిపోయేదాకా తినలేదు. కానీ ఆమె చర్చికి తిరిగొచ్చి అవ్వ పక్కన కూర్చున్న రోజు, ఆయన ఏమీ అనలేదు. ఆమె వరుసలో చాపలు దగ్గరికి జరగడానికి ఇంకా చాన్నాళ్ళు పట్టింది.

మొన్న మా చర్చిలో పెద్ద తెర మీద వచ్చే ఏటి గురి చూపించారు. చదువుకున్న పిల్లలు, మనసున్న పిల్లలు, బాగానే తయారు చేశారు. సంఘం పెరగాలని నేనూ ఆశపడతాను. మీటింగు అయ్యాక ఒక పిల్ల నా పక్కన కూర్చుని, నువ్వేం చేస్తావు అవ్వా అని అడిగింది. కొత్తగా వచ్చినవాళ్ళింటికి ఆ వారంలోనే పోయి, అడిగి తింటానని చెప్పాను. ఇంతేనా అన్నట్టు చూసింది. ఆ పిల్లకు చెప్పనిది ఒకటుంది. ఇంత వయసొచ్చినా, ఎరగని ఇంట్లో మొదటి ముద్ద ఎత్తేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ అనుమానం చిన్నప్పుడే నాలో పడింది, ఇక పోదు. అందుకే ఎప్పుడూ వాకిట్లో, నలుగురికీ కనబడేచోట కూర్చుంటాను. చెయ్యి ఆగినప్పుడు, నోటికి అడ్డం పెట్టుకున్న ఆమె రెండు చేతులను తలుచుకుని, ముద్ద నోట్లో పెట్టుకుంటాను.