ఇందులో నాకొచ్చేది

లూమిర్ వోబొరిల్ గారు చేసిన చివరి పని, కాఫీ హోటల్లో నాకొక తీపి బన్ను సిఫారసు చెయ్యడం. చెర్రీ కొలాచీ తీసుకోనా, ఆప్రికాట్‌ది తీసుకోనా అని నేను ఊరికే అడిగాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"చెప్పేముందు నీకొక విషయం తెలియాలి, మార్లిస్. ఆప్రికాట్‌వి చేసేది మా చెల్లెలి కూతురు. అవి బాగా అమ్ముడుపోతే క్రిస్మస్‌కి నాకో డజను ఊరికే వస్తాయి. అది మనసులో పెట్టుకుని విను. ఆప్రికాట్‌దే తీసుకో."

తీసుకున్నాను. ఆయన కాఫీ పూర్తిచేసి, ఇంటికెళ్లి, భోజనమయ్యాక వాలుకుర్చీలో కునుకు తీశారు. మరి లేవలేదు. ఎనభై రెండేళ్లు.

ఆయనకున్న జబ్బల్లా అదే. ఎవరికి ఏ సలహా ఇవ్వాలన్నా, అందులో తనకొచ్చే లాభమేమిటో ముందు చెప్పనిదే అసలు మాట బయటికి వచ్చేది కాదు.

వృత్తిరీత్యా ఆయన షేర్ల బ్రోకరు. మా ఊళ్లో మంగలి షాపుకీ విత్తనాల కొట్టుకీ మధ్య ఇరుకు గదిలో నలభై ఒక్క ఏళ్లు కూర్చున్నారు. ఎవరైనా వచ్చి డబ్బు ఎందులో పెట్టమంటారని అడిగితే, కాగితం మీద రెండంకెలు రాసి వాళ్లవైపు తిప్పేవారు. ఇది కొంటే నాకింత వస్తుంది, అది కొంటే అందులో సగం వస్తుంది, మీకు నయమైనది ఆ రెండోదే, ఇక ఆలోచించుకోండి అనేవారు. చాలామంది ఆలోచించుకుని, నవ్వి, ఏదీ కొనకుండా వెళ్లిపోయేవారు. ఆయన గుమ్మందాకా వచ్చి సాగనంపేవారు.

ఆ గదితో ఆగితే బాగానే ఉండేది. ఈ వర్షం పడుతుందా అని రైతు అడిగితే, మా ఇంటి కప్పు కారుతోంది, పడకూడదనే నా స్వార్థం, అయినా పడుతుందనేవారు. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మనవాళ్లు గెలుస్తారా అంటే, టికెట్టు కొన్నాను కాబట్టి గెలుస్తారనే అంటాను, నా మాట నమ్మొద్దనేవారు. ఒక ఆదివారం ఫాదర్ గారు తన ప్రసంగం ఎలా ఉందని అడిగారు. "ముందే చెప్పాలి ఫాదర్, సగంలో నాకు నిద్ర పట్టింది. కాబట్టి బాగుందనడంలో నాకు లాభముంది," అన్నారు. ఫాదర్ గారు మళ్లీ ఎవర్నీ అడగలేదు.

పెళ్లికి ముందు అల్వీనా గారితో కూడా, నాకు వంట రాదు, మా ఇల్లు చల్లగా ఉంటుంది, ఈ బేరంలో లాభం ముప్పాతిక నాదేనని చెప్పారట. ఆ లెక్క నేనెప్పుడో చూసుకున్నాను, ముహూర్తం చెప్పమని ఆవిడ అందట.

ఒకసారి ఒమాహా నుంచి వాళ్ల బ్రోకరు కంపెనీ పెద్ద ఒకాయన వచ్చి, ఈ అలవాటు మానకపోతే వ్యాపారం గంగలో కలుస్తుందని గంటసేపు బోధించాడు. లూమిర్ గారు శ్రద్ధగా విన్నారు. "జవాబు చెప్పేముందు మీకు తెలియాల్సిందొకటుంది. నాకు మీరు నచ్చలేదు. అది మనసులో పెట్టుకుని వినండి," అన్నారు. ఆ పెద్దమనిషి మళ్లీ మా ఊరు రాలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, మా అమ్మ దగ్గరికి వచ్చేవరకూ.

మా అమ్మ లిబ్బీకి అప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు. నాన్న పోయాక మొక్కజొన్న పొలం అమ్మగా వచ్చిన డబ్బే ఆవిడకున్న ఆధారం. దాని వాసన పట్టి కోడీ అనే కుర్ర బ్రోకరు సిటీ నుంచి రావడం మొదలుపెట్టాడు. మంచి మాటకారి. వచ్చినప్పుడల్లా మెట్ల మీద మంచు పారతో ఎత్తి పోసేవాడు. అమ్మ పెట్టింది వద్దనకుండా తినేవాడు. ఆ డబ్బంతా ఒక పథకంలో పెట్టించబోతున్నాడు. పన్నెండేళ్లదాకా అందులోంచి తీస్తే జరిమానా. అంటే అమ్మకి తొంభై ఒకటి వచ్చేదాకా. శుక్రవారం మధ్యాహ్నం సంతకం.

నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పథకం మంచిది కాదని అమ్మకీ అనుమానంగానే ఉంది. "కానీ మార్లిస్, ఆ పిల్లాడు నాలుగుసార్లు నా మెట్లు శుభ్రం చేశాడే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దనను?" అంది.

బుధవారం లూమిర్ గారి దగ్గరికి పరుగెత్తాను. మీరొక్క మాట చెబితే వింటుందన్నాను. ఆయన అడ్డంగా తలూపారు. అక్కడ వద్దంటే ఆ డబ్బు రేపు తన దగ్గరికే రావచ్చు, కాబట్టి ఈ విషయంలో తన మాట చెల్లదన్నారు. నాకు ఒళ్లు మండింది. "మీ నీతి పాడుగాను, మా అమ్మ మునిగిపోతోందండీ," అన్నాను. ఆయన టోపీ అంచు సవరించుకుంటూ, రేపు తనని రాజధాని లింకన్‌కి కారులో తీసుకెళ్లగలవా అని అడిగారు. శాసనసభ కమిటీ ముందు ఒక బిల్లు మీద మాట్లాడాలట. మంచులో కారు నడపడం తనకు భయమట, ముందే చెబుతున్నారట. లిబ్బీని కూడా ఎక్కించుకో, ఇంట్లో ఒక్కతీ ఏం చేస్తుందన్నారు.

ఆ బిల్లు సంగతి ఇదీ. అప్పటి చట్టం ప్రకారం, సలహాదారు అని బోర్డు పెట్టుకున్నవాడు ఖాతాదారుడి మేలే ముందు చూడాలి. బ్రోకరుకి ఆ బాధ లేదు. చెప్పు కాలికి పడితే చాలు, అమ్మేయొచ్చు, కరిస్తే మన ఖర్మ. బోర్డు మీద ఏమున్నా సరే, డబ్బు గురించి సలహా చెప్పేవాడెవడైనా తన లాభం బయటపెట్టాలి, ఎదుటివాడి మేలు ముందు చూడాలి అంటుంది కొత్త బిల్లు.

గురువారం ఆ గదిలో వెనక బెంచీ మీద నేనూ అమ్మా కూర్చున్నాం. సాక్షులు కూర్చునే బల్ల మీద పచ్చ, పసుపు, ఎర్ర దీపాలున్నాయి. మాట్లాడటానికి మూడు నిమిషాలు. పచ్చదీపం వెలిగింది. లూమిర్ గారు తన లాభాలు చెప్పడం మొదలుపెట్టారు. బిల్లు వస్తే తన రాబడి మూడో వంతు తగ్గుతుంది. బిల్లుని వ్యతిరేకిస్తున్న రెండు కంపెనీల్లో తనకి షేర్లున్నాయి. ఇవాళ్టి భోజనం బిల్లుని సమర్థించేవాళ్లు పెట్టారు, హామ్ శాండ్‌విచ్, పక్కాయన సగం కూడా తనే తిన్నారు. పసుపు దీపం. జూన్‌లో తను ఎలాగూ పని విరమిస్తున్నారు, కాబట్టి తన ధైర్యానికి పెద్ద విలువ ఇవ్వొద్దు. ఎర్రదీపం.

గదంతా నవ్వింది. కమిటీకి పెద్ద, సెనేటర్ ఆర్డిత్ క్లెంప్, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "వోబొరిల్ గారూ, మీ సమయం అయిపోయింది. బిల్లు గురించి ఒక్క ముక్క చెప్పలేదు."

ఆయన లేవబోయారు. ఆవిడ ఆపి, ఇలా అన్నీ చెప్పేస్తే ఖాతాదారులు పారిపోరా అని అడిగింది.

"పారిపోతారమ్మా. చెప్పేది అందుకే."

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది.

"మావాళ్లకి ముఖం మీద వద్దనడం చేతకాదు," అన్నారాయన. "మంచులో దిగబడ్డ కారు తోసినవాడు మర్నాడొచ్చి ఏదమ్మినా కొనేస్తారు. వద్దంటే వాడు చిన్నబుచ్చుకుంటాడని. నాకొచ్చేదెంతో నేనే చెప్పేశాననుకోండి, వాళ్లు నన్ను వద్దనక్కర్లేదు. ఆ అంకెని వద్దంటే చాలు. రేపు కాఫీ హోటల్లో మళ్లీ నా పక్కనే కూర్చోవచ్చు."

"అది మీరు చేస్తూనే ఉన్నారుగా. చట్టమెందుకు?"

"అందరి బల్లల దగ్గరా నేను కూర్చోలేను కదమ్మా."

నలభై ఒక్క ఏళ్లు మేం చాదస్తమనుకున్నది, ఎదుటివాడు మొహమాటపడకుండా బయటపడటానికి ఆయన తెరిచి ఉంచిన తలుపని నాకు అప్పుడు తెలిసింది. పక్కకి చూశాను. అమ్మ ఒళ్లో చేతిసంచీ గట్టిగా పట్టుకుని, ముందుకు వంగి వింటోంది.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ నా పక్క సీట్లో, చేతిసంచీ అలాగే పట్టుకుని కూర్చుంది. లూమిర్ గారు వెనక సీట్లో నిద్రపోయారు.

శుక్రవారం కోడీ వచ్చాడు. మెట్ల మీద మంచు తీశాడు. కాగితాలు పరిచి, కలం మూత తీసి అమ్మ చేతికిచ్చాడు. నేను వంటగది గుమ్మంలో గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. అమ్మ అతని కప్పులో కాఫీ పోసింది.

"ఇందులో నీకెంతొస్తుంది, బాబూ?"

కోడీ చెవులు ఎర్రబడ్డాయి. అది ఆఫీసులో కనుక్కోవాలన్నాడు.

"కనుక్కునిరా నాయనా, తొందరేముంది. నీకొచ్చేది నీకు రావద్దూ? అంతదాకా నేనూ ఆలోచించుకుంటాను."

దారిలో తినడానికని నాలుగు కొలాచీలు కాగితంలో చుట్టి మరీ ఇచ్చింది. అతను మళ్లీ రాలేదు, కలం కోసమైనా. తలుపు వేసి వచ్చాక అమ్మా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. అమ్మైతే, ఇంత తేలికని తెలియక పెళ్లైన దగ్గర్నుంచి గుమ్మంలోకి అమ్మొచ్చినవాళ్ల దగ్గర ఎన్ని చీపుళ్లు, ఎన్ని బైబిళ్లు కొన్నానే అని నవ్వింది. బిల్లు మాత్రం ఆ ఏడు కమిటీలోంచి కదల్లేదు. అమ్మ డబ్బు చివరిదాకా అమ్మ దగ్గరే, ఊరి బ్యాంకులో ఉంది.

లూమిర్ గారు పోయిన నెలకి, ఆ రోజు ఆయన మాట్లాడిన మాటల నకలు కావాలని లింకన్‌కి రాశాను. అక్కడి గుమాస్తా దయగల మనిషి, ఫైలంతా నకలు తీసి పంపింది. అందులో లూమిర్ గారి చేతిరాతతో నాలుగు పేజీల ఉత్తరం ఉంది. బిల్లు ఎందుకు కావాలో పొందికగా, ఎక్కడా పక్కదారి పట్టకుండా రాశారు. తేదీ మేం లింకన్ వెళ్లిన రోజుకి పది రోజుల ముందుది. చివరి వాక్యంలో, చెప్పవలసిందంతా ఇందులో ఉంది కనుక తాను స్వయంగా రావడం లేదని రాసి సంతకం చేశారు.