ఒక బెల్లు ఎడమకు, రెండు బెల్లులు కుడికి

వీపనగండ్ల దగ్గర కాలువకు నీళ్లు వదిలారు. నెర్రెలు బారిన మట్టి మొదటి నీటిని తాగేటప్పుడు లేచే వాసన వాన వాసన లాంటిది కాదు. దానికన్నా బరువుగా, కొంచెం పాచి కలిసి ఉంటుంది. ఈ ఉదయం కట్ట మీద సైకిల్ తొక్కుతుంటే అది ముక్కుకు తగిలి నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. ఈ వాసన వస్తే రహీం సార్ సైకిల్ దిగేవారు. వీధిలో పెద్దమనిషి ఎదురైనట్టు, కొత్త నీరు తనను దాటి వెళ్లేదాకా నిలబడేవారు.

ఆయన వనపర్తిలో కాలువల ఇంజనీరు. ఆయన దగ్గరే నేను గుమస్తాగా చేరాను. పల్లంలో ఉన్న నీటిని మోటార్లతో ఎత్తి, ఎగువ చేలకు పంపడంలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. రిటైరైన ఏడాది ఒక సాయంత్రం ఇంటికి పిలిచారు. భోజనాల బల్ల మీద జిరాక్స్ షాపులో తీయించి అతికించిన పెద్ద మ్యాపు పరిచి ఉంది. వియత్నాంలో ఒక పెద్ద నది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోటు. అక్కడ సైకిల్ మీద తిరగాలట, నేను తోడు రావాలట. ఆయన భార్య సాబిరా ఆపా చాయ్ గ్లాసులు పెడుతూ నవ్వింది. "గీయనకు నీళ్ల పిచ్చి భాస్కర్. పెండ్లయినంక నన్ను మొదలు తీస్కపోయి చూపిచ్చింది పంపుహౌసు."

ఆ దేశం గురించి మా ఇద్దరికీ ఏమీ తెలియదు. ఇంకెవరైనా హోటళ్లతో మొదలుపెడతారేమో, మేము కరువు పాలమూరు వాళ్లం కాబట్టి తాగునీటితో మొదలుపెట్టాం. ఏ ఊరికీ ఏ ఊరికీ నడుమ నీళ్లు దొరుకుతాయో సార్ నీలి పెన్సిల్‌తో గుర్తు పెట్టసాగారు. కొంతసేపటికి గుర్తు పెట్టడానికి ఖాళీ లేకుండా పోయింది. ఇంటింటి వెనుకా కాలువే, చేను చేనుకూ వాగే. పెన్సిల్ ఆగిపోయింది. ఆయన దాన్ని మ్యాపు మీద పెట్టేశారు. తర్వాత మెల్లగా అన్నారు. "మనం మోటార్లు పెట్టి గుంజుకొచ్చినం. గాడ నీళ్లు వాటంతట అవే ఇంటి ముంగటికి వస్తయంట. ఒక్కసారి చూడాలె భాస్కర్."

ఆ చలికాలమంతా సాధన చేశాం. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ కట్టలే మాకు దారులు. నీళ్లు నడిచే దారి చదునుగా ఉంటుంది, ముసలి మోకాళ్లకు అదే మంచిదని సార్ లెక్క. అక్కడ కూడా కాలువ గట్లు పట్టుకునే పోదామన్నారు. భాష రాని చోట ఎట్లా అడగాలో నేర్చుకోవడానికి గద్వాల దాటి కర్ణాటక సరిహద్దు ఊరికి పోయి, నోరు విప్పకుండా సైగలతో చాయ్ అడిగాం. హోటలాయన కాసేపు చూసి, "ఏందన్నా, గద్వాల దిక్కోళ్లు గాదా మీరు, మాట వడిపోయిందా?" అన్నాడు. సార్ పొట్ట పట్టుకుని నవ్వారు.

అన్నీ కుదిరాక నేను వెనక్కి తగ్గాను. విదేశం పోయి సైకిల్ తొక్కుతాడట అని బావమరుదులు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకు భయపడ్డాను. లీవు ఇవ్వలేదని సార్‌తో చెప్పాను. నిజానికి నేను లీవు అడగనేలేదు. ఆయన నా మొహం వైపు చూసి, "సరే, వచ్చే యేడు పోదం తీయ్" అన్నారు.

ఆ ఏడాది విలువ ఎంతో నాకు తర్వాత తెలిసింది. మళ్లీ సాధన మొదలైన రోజున సార్ కట్ట పక్కనున్న హద్దురాయిని నేరుగా గుద్దుకుని పడ్డారు. లేపుతుంటే చెప్పారు. కళ్లకు నీటికాసుల జబ్బు, పక్క చూపు మూసుకుపోతోంది, మందులతో ఆగడం లేదు. నేను అబద్ధం చెప్పిన నాటికే డాక్టరు ఆయనకు ఆ మాట చెప్పి ఉన్నాడు. నన్ను బలవంతపెట్టినట్టు అవుతుందని ఆయన దాచుకున్నారు. తనను లేపేటప్పుడు నా బట్టలకు అంటిన మట్టి దులుపుతూ, "నువ్వు ముంగట పో. ఎడమకు తిరిగితే ఒక బెల్లు, కుడికైతే రెండు. నేను ఎనకాల వస్త" అన్నారు.

ఆ బెల్లుల మీదే ఆ దేశం పోయాం. మొదటి రోజే నీళ్ల డబ్బాలు సైకిళ్లకు కట్టుకుని రేవుకు చేరితే, పడవలో ఉన్న ఒక ఆమె మా డబ్బాలను చూపించి, నదిని చూపించి పగలబడి నవ్వింది. సార్ కూడా నవ్వారు కానీ డబ్బా విప్పలేదు. కాలువ గట్లన్నీ ఏదో ఒక పాయ దగ్గర తెగిపోయి, పడవ ఎక్కక తప్పేది కాదు. మా ప్లాను పాడైన ప్రతిచోటా ఆయన మొహం వెలిగిపోయేది.

ఒక పాయ మధ్యలో, రెండు గట్లూ దూరంగా ఉన్నప్పుడు, నీటి మీద ఎండ పడి కళ్లు తెరవలేకపోయాను. అంత నీరు నేను ఎన్నడూ చూడలేదు. నది కదులుతున్నట్టు లేదు, నేలే మెల్లగా సముద్రానికి పోతున్నట్టుంది. సార్ చూపు మాత్రం గొట్టంలో నుంచి చూసినంతే. ఇక దాచుకోలేకపోయాను.

"సార్, నేను పోయినేడు లీవు పెట్టనే లేదు."

"తెలుసు. ఇన్నేండ్లు నీ లీవులకు సంతకం పెట్టింది నేనే గదా. నేను రిటైరైతే మాత్రం నీ లీవు ఎవడు ఆపుతడు?"

పడవ అంచును తడిమి పట్టుకున్నారు. "గది ఇడిసిపెట్టు. ఎడమ దిక్కు ఏమున్నదో చెప్పు."

చెప్పాను. కొబ్బరికాయలు నింపిన పడవ, మెట్ల మీద గిన్నెలు తోముతున్న ముసలామె, నీళ్లలోనే కాళ్ల మీద నిలబడ్డ ఇల్లు. కుడి దిక్కు కూడా చెప్పాను. రేవు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే ఇదంతా సారే చూసేవారు. ఆ సంగతి ఆయన అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు.

కిందటి చలికాలం ఆయన చనిపోయారు. చివరి రోజుల్లో ఏమీ కనబడేది కాదు. నేను వెళ్లినప్పుడల్లా, ఏ కాలువకు ఎంత నీళ్లున్నాయో అడిగేవారు. నేను చూసి వచ్చి చెప్పేవాణ్ని. చూడకుండా ఎప్పుడూ చెప్పలేదు.

ఈ ఉదయం కొత్త నీరు నన్ను దాటి వెళ్లేదాకా నిలబడి, మళ్లీ సైకిలెక్కాను. తూము దగ్గర కట్ట కుడికి తిరుగుతుంది. బెల్లు రెండుసార్లు కొట్టాను. గొర్రెల కాపరి ఒకాయన తల తిప్పి ఖాళీగా ఉన్న దారిని చూశాడు.

"ముంగట ఎవరు లేరు గదనే, ఎవరికి కొట్టినవ్?"

"ఎనకాలోళ్లకు" అన్నాను. ఆయన నా వెనక్కి కూడా ఒకసారి చూసి, ఎందుకైనా మంచిదని గొర్రెలను పక్కకు తోలాడు.