మానిటర్ మీద దసరా బొట్టు

విలేకరిగా ముప్పై ఏళ్లు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఏ కాగితం ఎక్కడ దాచారో వాసన పట్టగలనని నాకో నమ్మకం. కంప్యూటర్లు వచ్చాక ఆ నమ్మకం బ్రౌజర్‌కూ పాకింది. మా డెస్కులో ఎవరి తెర మీదైనా పై పట్టీ మాయమైతే నన్నే పిలిచేవారు. మూడు మీటలు కలిపి నొక్కి దాన్ని వెనక్కి రప్పించేవాణ్ని. ఎలాగో మాత్రం చెప్పేవాణ్ని కాదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం గద్వాలలో జిరాక్సు కోసం ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లాను. ఊళ్లో ఆ రోజు తెరిచి ఉన్నది అదొక్కటే. అక్కడ గట్టు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నిలబడి ఉంది. బట్టల దుకాణంలో పని చేస్తూ నర్సు కోర్సుకు చదువుకుంటోందట. మర్నాడు పొద్దున్నే మహబూబ్‌నగర్‌లో ప్రవేశ పరీక్ష. చేతిలో హాల్‌టికెట్ లేదు. ఊరికి బస్సు ఐదింటికి.

హాల్‌టికెట్ వేరే చిన్న కిటికీలో, అంటే పాపప్‌లో, తెరుచుకోవాలి. బ్రౌజర్ దాన్ని అడ్డుకుంటోంది.

“మొన్నటిదాంక బాగనే ఉండె సార్. నిన్న బ్రౌజర్ దానంతటదే అప్‌డేటైంది,” అన్నాడు సెంటర్ యజమాని.

“జరుగు,” అని కుర్చీలో కూర్చున్నాను.

అడ్రసు గడిలో నాకు తెలిసిన రహస్యపు మాట ఒకటి కొట్టాను. ప్రయోగాల పేజీ తెరుచుకుంది. పైన హెచ్చరిక కూడా ఉంది. యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ గౌరవం నాకు బాగుంది. నాలుగైదు మార్పులు చేసి మళ్లీ తెరిచాను. హాల్‌టికెట్ రాలేదు కానీ, పేజీ మొత్తం నల్లబడింది.

“గిది మంచికేనా సార్?”

“ఆగు, వస్తుంది.”

అమ్మాయి గోడ గడియారం చూసింది. నాలుగున్నర దాటింది.

“సార్, ఒక మాటడుగుత, ఏమనుకోకుండ్రి. నా ఫోన్ల మీది కొసకు మూడు చుక్కలుంటయి. సెట్టింగ్స్ అండ్లనే ఉంటయి. ఇండ్ల ఏవి?”

తెర కుడివైపు పై మూలకు చూశాను. అక్కడ రూపాయి బిళ్లంత పసుపు, దాని నడుమ కుంకుమ. దసరా పూజలో పెట్టింది, ఎండి గట్టిపడింది.

“గవి దాని కిందుంటయి,” అన్నాడు యజమాని తాపీగా.

“మరి ముందే చెప్పొద్దా?”

“మీరు అడగకపోతిరి. ఏదో పెద్ద పనిలున్నరనుకున్న.”

“మరి రోజూ ఈ కిటికీ ఎట్లా మూస్తున్నావు?”

“మూసే గుర్తు గూడ ఆడనే. అందాజగ బొట్టు మీద కొడ్త. మూసుకుంటది.”

గోటితో గీకబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. “వద్దు సార్. మా అమ్మ పెట్టింది. మల్ల దసరాకు ఆమెనే కడుగుతది. పోయినేడు ప్రింటర్ది తుడిస్తె నెల దినాలు సతాయించింది.”

“ప్రింటరా?”

“అమ్మ.”

“తుడుచుడెందుకు భయ్యా,” అంది అమ్మాయి, బుర్ఖా చేతిని పైకి జరుపుకుంటూ. “అమ్మ పెట్టింది గట్లనే ఉండనీ. గీ డబ్బనే జర చిన్నగ చేసి పక్కకు గుంజితె అయిపాయె.”

నన్ను లేవమనడానికి మొహమాటపడి, పక్క నుంచే మౌస్ అందుకుంది. పై పట్టీ మీద రెండుసార్లు కొట్టి, కిటికీని చిన్నది చేసి ఎడమకు లాగింది. బొట్టు ఉన్న చోటనే ఉంది. మూడు చుక్కలు దాని కింద నుంచి బయటికొచ్చాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అడ్డు తీసేసింది. హాల్‌టికెట్ తెరుచుకుంది, నల్లగా.

“నల్లగనే వస్తదా భయ్యా?” అంటూ ఆమె యజమాని వైపు తిరిగింది.

ప్రింటర్ మాత్రం తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలతోనే ఇచ్చింది. పేరు, నంబరు, ఫొటో రెండుసార్లు చూసుకుని బ్యాగులో పెట్టుకుంది. పోతూ నాకు కూడా శుక్రియా చెప్పింది. ఎందుకో నేను అడగలేదు.

మర్నాడు ఆమె పరీక్ష రాసే వేళకు నేను మళ్లీ అదే కుర్చీలో ఉన్నాను. ఆ నలుపు పోవడం లేదని యజమాని కబురు పెట్టాడు. నాలుగైదింటిలో ఏది మార్చితే అలా అయిందో నాకు గుర్తు లేదు. ఈసారి అతను చేతులు కట్టుకోలేదు.