మట్టి ఎరగని టమాటా

మా అత్త ఇరవై ఏళ్ళపాటు దేవుడి ముందు అబద్ధమాడింది. ఏడాదికి ఒక్కసారే లెండి. అదీ నోటితో కాదు, గుమ్మడికాయతో.

మా ఇల్లు అల్లూరుకు తూర్పున, సముద్రపు నీళ్ళు ఎండగట్టే ఉప్పు కొఠార్ల పక్కన ఉండేది. మా ఆయన ఆ కొఠార్లలో గుమస్తా. పెరడంతా చౌడు. తోటకూర గింజ చల్లినా మొలకెత్తి, ఒకసారి చుట్టూ చూసుకుని చచ్చిపోయేది. మా చర్చిలో మాత్రం ఏటా కోతలయ్యాక పంటపండుగ జరిగేది. ఎవరి చేతిలో పండింది వాళ్ళు తెచ్చి ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసేవారు. పొలాలున్నవాళ్ళు వడ్లు, అరటిగెలలు, కోళ్ళు తెచ్చేవారు. మా అత్త ముందురోజు సంతలో గుమ్మడికాయ కొని, ఎండిన తొడిమను కత్తిపీట మీద పచ్చిగా కనిపించేదాకా కోసి, కాయకు ఎర్రమట్టి పూసేది. మన చౌడుమట్టి తెల్లగా ఉంటుంది, పట్టించేస్తుందని భయం. అందుకని ఎర్రమట్టిని ఒక డబ్బాలో పోసి, పప్పుల డబ్బాల వెనక దాచుకునేది.

మా పెద్దత్త, అంటే మా అత్తకు తోడికోడలు, నాలుగు మైళ్ళ అవతల పొలాల మధ్య కాపురం. ప్రతి పండుగకూ ఆవిడ ఆ గుమ్మడికాయను వేలితో తట్టి, నలుగురికీ వినిపించేట్టు, "బాగా కాసింది మే. ఏ అంగట్లో కాసింది?" అని అడిగేది. మా అత్త నవ్వి ఊరుకునేది. ఇంటికొచ్చాక ఆ పూట అన్నం ముట్టేది కాదు.

నేను అరవైల మొదట్లో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. నేను చూసిన మొదటి పండుగ సాయంత్రం, ఖాళీ కడుపుతో గోడకానుకుని కూర్చుని, మా అత్త నాతో అంది: "నా చేత్తో పండింది ఒక్కటంటే ఒక్కటి ఆడ పెట్టాలని ఉండాదే. ఆ తర్వాత పోయినా పర్వాలేదు."

నవ్వుతూ అని ఉంటే నేనూ నవ్వేసేదాన్ని. ఆవిడ నవ్వలేదు.

నేను టీచరు ట్రైనింగు చదివాను. అక్కడ మా సైన్సు టీచరమ్మ సీసాలో నీళ్ళు పోసి, కొన్ని లవణాలు కలిపి, మట్టి అన్నదే లేకుండా మొక్కను పెంచి చూపించింది. నేను దాని బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నానే తప్ప ఎన్నడూ చేసి చూడలేదు. ఆ సంగతి మా అత్తకు చెప్పలేదు. నాకు చదువొచ్చన్న నమ్మకం ఆ ఇంట్లో ఆవిడ ఒక్కదానికే ఉండేది. దాన్నెందుకు పోగొట్టుకోవడం?

వానలు మొదలయ్యే రోజుల్లో ఊరగాయ జాడీలు ఖాళీ చేయించాను. చెక్క మూతలకు బెజ్జాలు పెట్టి, టమాటా నారు వేళ్ళు కడిగి, కొబ్బరిపీచు చుట్టి, ఆ బెజ్జాల్లో నిలబెట్టాను. వేళ్ళు నీళ్ళలో, ఆకులు ఎండలో. నీళ్ళలో కలపాల్సిన లవణాల్లో సురేకారం, అన్నభేది, విరేచనాలు కావడానికి తాగే ఉప్పు అంగట్లో దొరికాయి. సూపరు ఎరువు మాత్రం పెద్దత్త వాళ్ళ బస్తాలోంచి దోసెడు కొంగున కట్టుకొచ్చాను. అడిగి తీసుకున్నానని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది.

ఉప్పు చూడగానే మా అత్త అడ్డం పడింది. "మా నాయన నా చిన్నప్పుడు ఇదే పట్టించినాడు. మూడు దినాలు లెయ్యలేదు నేను. చెట్టుకు భేదులు పట్టుకుంటే ఎవురు చూస్తారే?"

"చిటికెడే అత్తా."

"మా నాయన గూడా చిటికెడే అన్నాడు."

వారం తిరక్కుండా మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. మా అత్త నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. తప్పు ఉప్పుది కాదు, నాది. మా బావినీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మాల్సిందే. నేను తెలివిగా ఆ నీళ్ళే జాడీల్లో పోశాను. మట్టిని వదిలించుకున్నాను గాని చౌడును నా చేత్తోనే తోడి పోశాను.

మళ్ళీ ఒకే ఒక్క మొక్కతో మొదలుపెట్టాం. ఈసారి తాగే నీళ్ళు. అవి రెండు మైళ్ళ నుంచి కావడిలో వచ్చేవి, ఇంటికి రెండు బిందెలు. మా అత్త తన వాటా చెంబు జాడీలో పోసి మజ్జిగతో సరిపెట్టుకునేది. నేను మా ఆయన వాటా పోసేదాన్ని. ఆయనకు చెప్పలేదు.

నీళ్ళలో ఉన్న వేళ్ళకు గాలి కూడా అందాలి. ఆముదపు ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది కదా, దాన్ని మా అత్త చేతికిచ్చాను. ఆవిడ రోజూ పొద్దున ప్రార్థన ముగించి, జాడీ ముందు కూర్చుని, ఆ కాడతో బుడబుడమని ఊదేది. దడి సందులోంచి చూసినవాళ్ళు ఆవిడ ఈ వయసులో హుక్కా మొదలుపెట్టిందని చెప్పుకున్నారు. ఆ మాట చర్చి అయ్యగారి చెవిన పడింది. ఆయన వచ్చి, దురలవాట్ల మీద అరగంట మెత్తగా బోధించి, కాఫీ తాగి వెళ్ళారు. పండుగ దాకా జాడీ సంగతి బయటపెట్టకూడదని మేం అనుకున్నాం కాబట్టి మా అత్త తల వంచుకుని అంతా విన్నది. నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సముద్రపు గాలికి పూతంతా రాలి ఒక్క పిందె నిలిచింది. కాకులు రాకుండా దానికి పాత చేపలవల కప్పాం. పండుగ వారం అది ఎర్రబడింది. మా అత్త కాడతో సహా ఏటవాలుగా కోసి, పళ్ళెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి, తానే మోసుకొచ్చింది.

చర్చిలో గుడ్డ తీసింది. కాయకు ఎర్రమట్టి పూసి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్ని నెలలు మట్టి తగలకుండా కాపాడిన కాయ అది.

పెద్దత్త రానే వచ్చింది. "ఏం మే, ఈ ఏడు గుమ్మడికాయ చిక్కిపోయినాదే. ఏ అంగట్లో కాసింది?"

"మా ఇంట్లోనే కాసిందక్కా," అంది మా అత్త. "జాడీలో. నీళ్ళలోనే. మట్టి లేకుండా."

"మట్టి లేకుండా కాసిందా? మరి ఈ మట్టేంది?"

చర్చి చర్చంతా నవ్వింది. అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. వేలంలో పెద్దత్తే ఆ కాయను పాడుకుంది. పోటీకి ఎవరూ రాలేదు.

ఇంటికొచ్చి మా అత్త వంటింటి మూల కూర్చుంది. అన్నం వద్దంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం బండి దిగి పెద్దత్త వచ్చింది, చేతిలో ఆ టమాటాతో. మమ్మల్ని పలకరించకుండా నేరుగా జాడీ దగ్గరకు పోయింది. మూత ఓరగా ఎత్తి, గాజులు పైకి తోసుకుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి మట్టి కోసం వెతికింది. తెల్లటి వేళ్ళే తగిలాయి. అప్పుడు కాయను కొంగుతో తుడిచి, దాని కాడను కొమ్మకు కోసిన చోట ఆనించి చూసింది. ఏటవాలుకు ఏటవాలు సరిగ్గా అతికింది.



"ఇంత నిజం చేతిలో పెట్టుకోని, మట్టెందుకు పూసినావే?" అంది వంటింట్లోకి తొంగి చూసి.

"ఉత్త కాయ పెడితే ఎవురు నమ్ముతారక్కా?" అంది మా అత్త, తల ఎత్తకుండా.

పెద్దత్త వంటింట్లోకి వచ్చి ఆవిడ పక్కన చతికిలబడింది. టమాటాను ఆవిడ ఒళ్ళో పెట్టి, "దీన్ని పప్పులో వెయ్యి. నాక్కూడా ఆకలి దంచేస్తా ఉండాది," అంది. పప్పు ఉడికేలోగా పెరట్లోకి పోయి, ఎవరూ చూడటం లేదనుకుని, ఆముదపు కాడతో జాడీలోకి ఊదుతూ కూర్చుంది. దడి అవతల ఎవరో ఆగి చూస్తున్నారు. నేను చెప్పలేదు.

ముగ్గురం కూర్చున్నాం. అంత పప్పులో ఆ ఒక్క కాయ ఎక్కడుందో తెలియదు గాని, మా అత్త ఆ పూట అన్నం తిన్నది. మారు వడ్డించమని కంచం ముందుకు జరిపింది.