మా గరాజ్‌లో కొండచిలువ ఉపవాసం

నేను చెప్పబోయేదాంట్లో అక్షరం కూడా అబద్ధం లేదు. దేవుడి మీద ప్రమాణం చేద్దామంటే ఆయనకు నా సంగతి తెలుసు, చెల్లదు. పిల్ల మీద ఒట్టేద్దామంటే మా ఆవిడ ఊరుకోదు. అందుకని మా గరాజ్‌లో ఉన్న డీప్ ఫ్రీజర్ మీద కుడిచెయ్యి ఆనించి, వేళ్లు కొంకర్లు పోయేదాకా ఉంచి మరీ చెబుతున్నాను. ఇది జరిగింది జరిగినట్టు. అడిలైడ్‌లో నన్నెరిగిన తెలుగువాళ్లు, బార్బెక్యూ దగ్గర నేను గొంతు సవరించుకోగానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లకూ ఇదే మనవి. ఈ ఒక్కసారికి నమ్మండి.

అడిలైడ్ శివార్లలో, మాసన్ లేక్స్ అనే చెరువు పక్క పేటలో మా ఇల్లు. ఇంట్లో నేను, మా ఆవిడ, ఒక పాము. పాము మా అమ్మాయిది. పిల్ల బడికెళ్లే రోజుల్లో కుక్కపిల్ల కావాలంది. వెంట్రుకలు రాలతాయి, వద్దంది మా ఆవిడ. పిల్లి? గోళ్లతో సోఫా చీరేస్తుంది. కుందేలు? కంపు. మా అమ్మాయి పాపం ఎదురు మాట్లాడలేదు. వెంట్రుకలు, గోళ్లు, కంపు లేని ప్రాణి ఏదో వారం రోజులు వెతికి, ఫోటో తెచ్చి వాళ్లమ్మ ముందు పెట్టింది. మా ఆవిడ డాక్టరు. రోగులతో, ఇన్సూరెన్సు వాళ్లతో, నాతో ఏనాడూ వాదనలో ఓడిపోని మనిషి ఆ రోజు ఓడిపోయింది.

ఇక్కడ దాన్ని కార్పెట్ పైథాన్ అంటారు. కొండచిలువ అనగానే మేకను మింగే రకాన్ని ఊహించుకోకండి. విషం లేదు, కోపం లేదు. నాకంటే జానెడు పొడుగు, నా మణికట్టంత లావు. ఒంటి మీద పసుపూ నలుపూ అల్లిక, గద్వాల చీర అంచులా ఉంటుంది. మా అమ్మాయి దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. మా వైపు బంధువు ఒకావిడ పేరుకి మరీ దగ్గరగా ఉంది.

అమ్మాయి పెరిగి నర్సయింది. ఉత్తరాన ఎడారిలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం. వాళ్లిచ్చిన క్వార్టర్స్‌లో పాములు కుదరవట. "నానా, షీ ఈజ్ ఈజీ. రెండు వారాలకో ఎలుక. దట్స్ ఇట్," అని పామునూ, కొమ్మ అమర్చిన దాని అద్దాల పెట్టెనూ గరాజ్‌లో పెట్టి మాకప్పగించి వెళ్లింది. వెళ్లిన కొత్తలో మాకు వారానికోసారి ఫోను. అదీ కారు నడుపుతూ. 'ఎలా ఉన్నావమ్మా' అనే లోపల 'గాటా గో' అని పెట్టేసేది.

చలికాలం మొదట్లో, అంటే ఇక్కడి లెక్కన జూన్‌లో, తణుకు నుంచి మా అత్తగారు వచ్చారు. ఇక్కడ పాముకు పర్మిట్ కావాలి, అత్తగారికి వీసా కావాలి. రెండూ సక్రమంగానే ఉన్నాయి. ఆవిడ వస్తూ సగం పెట్టె నిండా కారప్పొడులు, వడియాలు, ఎండబెట్టిన గోంగూర తెచ్చారు. వాటిని గరాజ్‌లో ఫ్రీజర్‌లో సర్దుదామని మూత ఎత్తారు. లోపల పారదర్శకమైన సంచీలో తెల్లటి ఎలుకలు. పాము కోసం గడ్డకట్టించి అమ్మేవి. వరసగా, ముందుకాళ్లు జోడించి, నమస్కారం పెడుతున్నట్టు పడుకుని ఉన్నాయి.

మా అత్తగారు గుడ్డు కూడా తాకని మనిషి. కేక వెయ్యలేదు, మూత మెల్లగా దించారు. "అమ్మాయ్, మీ ఫ్రీజర్‌లో ఎవరో ఉన్నారే," అన్నారంతే.

మా ఆవిడ తీర్పు చెప్పింది. "ఏవండీ, ఆ ఎలుకలు అమ్మ కంటికి కనబడకూడదు. దేంట్లో పెడతారో పెట్టండి."

పెట్టాను. అటక మీద ఒక పాత ప్లాస్టిక్ డబ్బా ఉంది, గట్టి మూత, లోపలున్నది బయటికి కనబడదు. ఎన్నో ఏళ్లు అందులో ఇంగువ దాచుకున్నాం. రెండుసార్లు సబ్బుతో తోమి, ఆరబెట్టి, ఎలుకల్ని అందులోకి మార్చి, మూత మీద 'అమ్మాయిది' అని రాశాను. సమస్య తీరిందనుకున్నాను.

ఆ తర్వాత పాము తినడం మానేసింది.

చలికాలం కదా, పాములు అప్పుడప్పుడు తినవు అనుకున్నాం. చలికాలం వెళ్లిపోయింది. వీధిలో చెట్లు పూశాయి, మాగ్‌పై పిట్టలు సైకిళ్ల మీద వెళ్లేవాళ్ల నెత్తిన తన్నడం మొదలుపెట్టాయి. పాము తినలేదు. ఎలుకను వేడినీళ్లలో వేసి గడ్డ కరిగించి, వెచ్చగా దాని ముందు పెడితే, దగ్గరకొచ్చి నాలుక రెండుసార్లు ఆడించి, మొహం తిప్పుకుని కొమ్మ వెనక్కి పోయేది. పెళ్లిభోజనంలో వంకాయ కూర చూసిన మా బావమరిదిలా.

పాముల డాక్టరుకు చూపించాం. నోరు బాగుంది, ఊపిరి బాగుంది, పెట్టె వేడి సరిగ్గా ఉంది, బరువు మాత్రం తగ్గుతోంది, అదొకటి కనిపెట్టి ఉండమన్నాడు. ఇక అమ్మాయి రోజూ సాయంత్రం వీడియో కాల్. తెర మీద మొహం రాగానే మొదటి ప్రశ్న, "హ్యాజ్ షీ ఈటెన్?" నేను తిన్నానా అని పుట్టాక ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. కానీ పాము తినలేదని చెప్పాక కాసేపు ఉండేది. ఆసుపత్రి సంగతులు చెప్పేది. అక్కడి ఎర్ర దుమ్ము చూపించేది. వాళ్ల సూపర్‌మార్కెట్లో కొత్తిమీర దొరకదని తిట్టుకునేది. నాకు పాము మీద మొదటిసారి గౌరవం కలిగింది.

ఒకరోజు అమ్మాయి కాస్త గట్టిగా అంది. "నానా, దీపావళి తర్వాత లీవ్‌లో వస్తున్నా. అప్పటికీ తినకపోతే మర్రే బ్రిడ్జ్‌లో ఒకాయన ఉన్నాడు, పాములు పెంచుతాడు. ఐ విల్ గివ్ హర్ టు హిమ్. షీ కాంట్ గో ఆన్ లైక్ దిస్."

"నేను తినిపిస్తానమ్మా," అన్నాను.

"యూ సెడ్ దట్ లాస్ట్ మంత్."

ఫోను పెట్టాక గరాజ్‌లోకి వెళ్లి పాము ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. "చూడు తల్లీ. నువ్వు మర్రే బ్రిడ్జ్ వెళ్తే నాకు మళ్లీ వారానికోసారి 'గాటా గో'. నా పరువు కాదు, నా సాయంత్రాలు నీ నోట్లో ఉన్నాయి. ఒక్క ఎలుక. నా కోసం."

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి వింటోంది. "అలా మొహంలో మొహం పెట్టి కూర్చుంటే ఎవరు తింటారండీ? దానికి చాటు కావాలి. మీరు మనిషికి వడ్డించినట్టు పాముకి వడ్డిస్తున్నారు."

నిజమే. బతిమాలకుండా పెడితే పెట్టినట్టే కాదని నమ్మే జాతి మనది. పెట్టెకు దుప్పటి కప్పాను. దీపం మార్చాను. ఎలుకను తోక పట్టుకుని ఆడించాను, పాకించాను, ఒకసారి దాని తరఫున కిచకిచమన్నాను కూడా. పాము నన్ను చూసిన చూపులో ఆకలి లేదు, జాలి ఉంది.

ఇంతలో నాగులచవితి వచ్చింది.

"పుట్ట ఎక్కడుందండీ అల్లుడుగారూ?" అని అడిగారు అత్తగారు.

"ఇక్కడి పుట్టల్లో చీమలే ఉంటాయండీ అత్తయ్యగారూ. పాలు పోస్తే మునిగి చస్తాయి."

ఆవిడ గరాజ్ వైపు చూశారు. ఎలుకల్ని చూసిన రోజు నుంచీ అటు తొంగి చూడని మనిషి. "మరి నాగమ్మ ఇంట్లోనే ఉండగా నేను పుట్టల కోసం వెతకడమేమిటి," అన్నారు. అని ఊరుకోలేదు, గుళ్లో పరిచయమైన ఒకావిడతో ఆ ముక్క చెప్పారు.

చవితి నాడు పొద్దున్నే మా వీధిలో కార్లు. చెరువు గట్టు దాకా బారులు. పట్టుచీరల్లో ఆడవాళ్లు, చేతుల్లో ఇత్తడి చెంబులు, చలిమిడి, చిమ్మిలి, కోడిగుడ్లు. గరాజ్ షట్టర్ పైకెత్తాను, లేకపోతే విరిచేసేలా ఉన్నారు. పాలు పెట్టెలో పొయ్యకుండా అడ్డం నిలబడేసరికి నా చొక్కా అభిషేకమైంది. ఎదురింటి తెల్లాయన, పాత సామాన్లు అమ్మకానికి పెట్టామనుకుని, కాఫీ కప్పుతో వచ్చి, "గరాజ్ సేలా, మేట్?" అన్నాడు. కాదు, పండగ అన్నాను. అలాగా అని తలూపి, వంగి, ఒకావిడ చెంబు పట్టుకుని ఎంతకిస్తారని అడిగాడు.

అందరూ అద్దం మీద మొహాలు ఆనించి, "తిను తల్లీ, చిక్కిపోయావమ్మా, ఒక్క గుడ్డు" అని బతిమాలారు. పాము కొమ్మ వెనక చుట్టచుట్టుకుని తల దాచుకుంది. పెళ్లిచూపుల్లో నేనూ అంతే చేశాను.

మధ్యాహ్నానికి జనం పోయారు. అమ్మాయి ఆ వారాంతంలో వస్తోంది. ఆఖరి ప్రయత్నంగా డబ్బాలోంచి ఒక ఎలుకను తీసి, గరాజ్‌ను ఆనుకుని బట్టలుతుక్కునే లాండ్రీ గదిలో పాత మగ్గులో వేడినీళ్లు పోసి అందులో వేశాను. ఆవిరి లేచింది.

లోపలి నుంచి అత్తగారి గొంతు. "అమ్మాయ్, పులిహోర పోపు ఎవరే వేస్తున్నారు?"

"ఎవరూ వెయ్యట్లేదమ్మా," అంది మా ఆవిడ.

"వాసనొస్తోందే." అంటూ ఆవిడ ముక్కు ముందుకు పెట్టుకుని హాలు దాటి, వంటగది దాటి, తిన్నగా లాండ్రీలోకి వచ్చి నా ముందు ఆగారు. మగ్గులోకి చూశారు. నన్ను చూశారు.

"అల్లుడుగారూ, ఎలక్కి ఇంగువ పెట్టారేమిటండీ?"

మా ఆవిడ వచ్చి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే వాషింగ్ మెషీన్ మీద కూలబడి, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. "ఇంగువ డబ్బాలో పెట్టారా? ఐదు నెలల బట్టీ పాముకి తాలింపు పెట్టిన ఎలకలు పెడుతున్నారా?"

"రెండుసార్లు తోమానే."

"ఇంగువ కట్టిన గుడ్డ అని ఊరికే అన్నారా?" అన్నారు అత్తగారు. "పాపం, అది నాలిక్కొసతో వాసన చూసే ప్రాణి. ఎలకలో ఎలక లేకపోతే ఏం తింటుంది? మీకు ఆవకాయలో బెల్లం కలిపి పెడితే తింటారా?"

తినను. ఆ డబ్బాను ఉన్నపళంగా చెత్తలో వేసి, దుకాణానికి వెళ్లి కొత్త ఎలుకలు, కొత్త డబ్బా తెచ్చాను. డబ్బా మీద ధర చీటీ కూడా పీకలేదు, దాని జిగురు వాసన ఏమంటుందోనని.

మర్నాడు సాయంత్రం అమ్మాయి ఫోను. బయల్దేరడానికి పెట్టె సర్దుకుంటోంది, మర్రే బ్రిడ్జ్ ఆయనకు వస్తున్నట్టు చెప్పేశానంది. "ఒక్క నిమిషం ఆగు," అన్నాను.

కొత్త ఎలుకను వెచ్చబెట్టి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టి, అప్పడాలు కాల్చే పటకారుతో పట్టుకున్నాను. పెట్టె తలుపు జరిపాను. అత్తగారు లాండ్రీ తలుపు వెనక దాక్కుని, ఒంటికన్నుతో చూస్తూ, ఫోను ఇటు తిప్పి పట్టుకుని, "అయిందా? అయిందా?" అంటున్నారు. పాము కొమ్మ మీంచి తల చాపింది. నాలుక ఒకసారి ఆడింది. రెండోసారి ఆడింది. నేను ఎలుకను రవ్వంత కదిపాను. తర్వాత కంటికి ఏమీ కనబడలేదు, పటకారు ఖాళీ అయింది. పాము ఎలుక చుట్టూ మూడు చుట్లు చుట్టుకుని ఉంది.

ఫోనులోంచి అమ్మాయి, "లెజెండ్" అంది.

మర్రే బ్రిడ్జ్ ఆయనకు వద్దని చెప్పేసింది. సెలవంతా పామును మెళ్లో వేసుకుని తిరిగి, మళ్లీ ఎడారికి వెళ్లిపోయింది. ఇక ఫోన్లు తగ్గుతాయని భయపడ్డాను. తగ్గలేదు. ప్రశ్న మారిందంతే. తిన్నది అరిగిందా, అరిగింది బయటికి వచ్చిందా, వస్తే ఏ రంగులో వచ్చింది. రోజూ సాయంత్రం, మేం భోజనానికి కూర్చునే వేళకి సరిగ్గా.

ఇప్పుడు ఫ్రీజర్ మీద చెయ్యి పెట్టాను కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలి. ఇందులో కల్పించింది ఒకటుంది. కార్ల బారు అనుకుంటున్నారేమో. సరే, చెరువు గట్టు దాకా కాదు, పక్కింటి గేటు దాకా. ఎదురింటాయన చెంబు బేరమాడడం నిజం. ఎలుక తరఫున నేను కిచకిచమనడం సిగ్గుచేటైనా నిజం.

అబద్ధం పటకారు దగ్గరుంది. లాండ్రీ తలుపు వెనక ఒంటికన్నుతో చూస్తూ "అయిందా? అయిందా?" అన్నది నేను. ఫోను పట్టుకున్నదీ నేనే, అందుకే ఆ వీడియోలో సగం గరాజ్ కప్పు కనబడుతుంది. గుడ్డు తాకని మా అత్తగారు కొంగు నడుముకు దోపుకుని, పటకారు పట్టుకుని, "ఎవరి తిండి వాళ్లది, తిను తల్లీ" అని ఆ ఎలుకను రవ్వంత కదిపారు. తర్వాత తలంటు పోసుకున్నారు. పటకారు ఇప్పుడు గరాజ్‌లోనే ఉంటుంది, మాకు అప్పడాలు లేవు. అమ్మాయి అన్న మాట కూడా సగమే రాశాను. పూర్తి మాట, "అమ్మమ్మా, యూ ఆర్ అ లెజెండ్."

ఇప్పుడు సాయంత్రం ఫోను మోగితే అత్తగారే తీస్తారు. ఈవిడ తెలుగులో, ఆ పిల్ల ఇంగ్లీషులో, పాము పెంట గురించి అరగంట మాట్లాడుకుంటారు. నిన్న పాము పెట్టె దగ్గర నేనూ ఆవిడ పక్కన చేరి తెరలోకి తొంగిచూశాను.

"అమ్మమ్మా, టెల్ డాడ్ టు మూవ్. ఐ కాంట్ సీ హర్."

"అల్లుడుగారూ, కాస్త తప్పుకోండి. పాముకి అడ్డొస్తున్నారట."

తప్పుకున్నాను. ఇది మాత్రం నిజం.