బావ కొన్న రెండు సీట్ల కారు

మా బావ సువర్ణరాజు ఏ వస్తువు కొన్నా అది తనకు నచ్చిందా లేదా అని చూడడు. రేపు తన దగ్గర దాన్ని కొనబోయేవాడికి నచ్చుతుందా అని చూస్తాడు. పాతికేళ్లు మామిడి తోటల వ్యాపారం చేసి అలా తయారయ్యాడు. ఆగిరిపల్లి చుట్టుపక్కల రైతుల దగ్గర పూత మీదే కాపు కొంటాడు, కాయ దిగాక నూజివీడు మార్కెట్టులో అమ్ముతాడు. మధ్యలో నాలుగు నెలలు తోట ఆయన చేతిలోనే ఉంటుంది. కానీ ఒక మంచి పండు కోసుకుని తృప్తిగా తినగా నేను చూడలేదు. మచ్చ పడ్డవి, చిలక కొట్టినవి ఇంటికొస్తాయి. ఇల్లు కట్టినప్పుడూ ఇదే వరస. ముందు గది పెళ్లిపందిరంత, వంటగది ఇద్దరు మనుషులు పట్టనంత. ఇదేంటి బావా అని అడిగాను.

"కొనేవాడు వంటగది దాకా రాడురా వినోదూ. ముందు గదిలోనే రేటు తేలిపోద్ది" అన్నాడు.

నేను చాట్రాయిలో లెక్కల మాస్టారిని. ఆ ఇరుకు వంటగదిలో ఇరవై ఏళ్లు వండింది మా అక్క రిబ్కమ్మ. ఈ కథలో నేను అక్క పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

తోట కాపు అమ్మేటప్పుడు మా వైపు ఒక పద్ధతి ఉంది. తోటంతా అమ్మినా రైతు ఒక చెట్టును తన ఇంటికి ఉంచుకుంటాడు. ఆవకాయకి, పిల్లలు తినడానికి, చుట్టాలకు పంపడానికి. దాన్ని ఇంటిచెట్టు అంటారు. దాని కాయల్ని వ్యాపారి కోయడు, లెక్కపెట్టడు. ఈ పద్ధతంటే బావకు ఒళ్లుమంట. రైతు మంచి చిన్నరసం చెట్టు చూపిస్తే, ఈయన గట్టు మీద గాలికి వంగిపోయిన పీచుకాయ చెట్టు చూపించి "అది ఉంచుకోండి, పచ్చడికి బాగుంటది" అనేవాడు. ఒకసారి నాగేంద్రమ్మగారనే పెద్దావిడ, "నా తోటలో నా చెట్టు ఏదో నువ్వు చెప్తావేంటయ్యా" అని నలుగురిలో చీవాట్లు పెట్టింది. ఆ చీవాట్లు తిన్నాక కూడా ఆవిడకు పీచుకాయ చెట్టే అంటగట్టి వచ్చాడు.

పదిహేడేళ్ల క్రితం కాయలు తోలడానికి బావ ఒక చిన్న ట్రాలీ బండి కొన్నాడు. నెల తిరక్కుండా దాన్ని వెనక్కి నడుపుతూ పంటకాలువలో దింపాడు. డ్రైవరును పెట్టుకుంటే జీతం ఇవ్వాలి. అందుకని అక్కను నేర్చుకోమన్నాడు. అక్క పది రోజుల్లో నేర్చుకుంది. తోటల్లో గోతులు పడ్డ బండిదారి మీద, నిండా కాయ ఉన్న బండిని, ఒక్క కాయ ఒత్తుకోకుండా రోడ్డెక్కించేది. మొదటి ఏడు మార్కెట్టులో జనం ఆవిడను వింతగా చూశారు. రెండో ఏడు, బండి ఇరుకు సందులో ఇరుక్కుంటే "రిబ్కమ్మగారిని పిలవండి" అనడం మొదలుపెట్టారు. అక్క బతుకులో తనకంటూ గట్టిగా వచ్చిన విద్య అదొక్కటే. అది కూడా బావ జీతం మిగుల్చుకోవడానికి వచ్చిందే.

ఈ జనవరిలో అక్క కళ్లు మసకలు కమ్ముతున్నాయంటే విజయవాడ తీసుకెళ్లాను. నీటికాసులన్నారు. డాక్టరు మంచిమనిషి, దాచకుండా చెప్పాడు. "ఎదురుగా చూపు బాగానే ఉందమ్మా. పక్కచూపు తగ్గిపోతోంది. పగటిపూట, తెలిసిన రోడ్లలో, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఇంకొన్ని నెలలు నడుపుకోండి. లైసెన్సు పొడిగించడానికి మాత్రం నేను సర్టిఫికెట్ ఇవ్వలేను." లైసెన్సు గడువు జూన్ పద్నాలుగు, అక్క పుట్టినరోజు. ఇంటి దగ్గర దిగుతూ అక్క, "పోన్లేరా, ఈ ఏడు కాపు కూడా లేదుగా" అంది.

కాపు లేనిమాట నిజం. రెండేళ్లుగా నల్ల తామరపురుగు పూతను పూతగానే తినేస్తోంది. బావ ఈసారి ఒక్క తోట కూడా తీసుకోలేదు. కానీ చేతిలో ఉన్న డబ్బు ఊరికే కూర్చుంటే ఆయనకు నిద్రపట్టదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆయన అన్నకొడుకు సంతోష్ కుమార్ ఫోనులో ఒకమాట అన్నాడు: ఫలానా మోడల్ స్పోర్ట్స్ కారు తయారీ ఆపేశారు బాబాయ్, మామూలు కారుకి ఏటా రేటు పడిపోద్ది, దీనికి మాత్రం పడదు, వెతుక్కుని కొంటారు. బావకు అంతకన్నా ఏం కావాలి? ఫిబ్రవరిలో హైదరాబాదు వెళ్లి ఒక పాత కారు చూశాడు. నేనూ వెంట వెళ్లాను. ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు వెనక్కి మడుచుకుంటుంది. కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టుంది.

ఆయన కారు చూసిన తీరు చెప్పి తీరాలి. కాయను వేలితో తట్టి లోపల జీడి పుచ్చిందో లేదో చెప్పేస్తాడు కదా, అలాగే డోర్లన్నీ వేలితో తట్టుకుంటూ వెళ్లాడు. ఒకచోట మోత తేడాగా ఉందని ఆగాడు. అమ్మే ఆయన తెల్లబోయి, అక్కడ ఒకసారి గీత పడితే రంగు వేయించానని ఒప్పుకున్నాడు. ఓనరు ఒక్కడేనా, సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయా, రెండో తాళంచెవి ఉందా, అన్నీ అడిగాడు. నడిపి చూస్తారా అంటే వద్దన్నాడు. మీటరు ముప్పై ఒక్క వేల నాలుగు వందల పన్నెండు దగ్గర ఉంది. ఆ అంకె కదలకూడదని కారును లారీ మీద ఎక్కించి ఆగిరిపల్లి తెచ్చాడు.

ఇంట్లో దాన్ని చెట్టు కింద పెట్టనివ్వలేదు. పురుగు జిగురు కారి రంగు పాడవుతుందట. రేకుల షెడ్డులో మామిడికాయ గ్రేడింగు చేసే చోట పెట్టి, పైన దుప్పటి, దాని మీద టార్పాలిన్ కప్పాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే బ్యాటరీ చచ్చిపోకుండా పది నిమిషాలు ఇంజను ఆన్ చేసేవాడు. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి కదిపే ప్రయత్నంలో నాలుగుసార్లు ఆపేసేవాడు. అక్క గడపలో నిలబడి ఆ చప్పుడు వినేది. బావ క్లచ్ తప్పుగా వదిలినప్పుడల్లా ఆవిడ ఎడమకాలు దానంతటది కదిలేది.

ఒక ఆదివారం నేనున్నప్పుడే అడిగింది. పెళ్లయ్యాక అక్క నోరు తెరిచి ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు.

"ఏవండీ, ఒక్కసారి చాట్రాయి దాకా నడుపుకుని వస్తానండీ. తమ్ముడు పక్కన కూర్చుంటాడు."

"రానూపోనూ తొంభై కిలోమీటర్లు" అన్నాడు బావ. "మీటరు తిరిగితే రేటు దిగిపోద్ది రిబ్కా. ఊరుకో."

అక్క ఊరుకుంది. నేను ఊరుకోలేదు. షెడ్డు వెనక్కి తీసుకెళ్లి, జూన్ పద్నాలుగు తర్వాత అక్క స్టీరింగ్ పట్టుకోకూడదని తెలుసా నీకు అని అడిగాను. తెలుసన్నాడు. మరి? అన్నాను. "కారుకీ కంటికీ ఏంటిరా సంబంధం? ట్రాలీ ఉందిగా, నడుపుకోమను" అన్నాడు. నీ రేటు తగలెయ్య అని అక్కడి నుంచి వచ్చేశాను. నెలరోజులు ఆ గడప తొక్కలేదు.

మే మొదటి వారంలో అక్కే ఫోన్ చేసింది. కారు కొనడానికి ఎవరో వస్తున్నారు, బావ రమ్మంటున్నాడు అని. వెళ్లాను. వచ్చినతను సుభాష్ అని, ఏలూరులో ఫంక్షన్ హాలు నడుపుతాడు. ముప్పై ఏళ్లుంటాయి. టార్పాలిన్ తీయగానే మొహం వెలిగిపోయింది, కానీ బేరం తెలిసినవాడు, వెంటనే మొహం ముడుచుకున్నాడు.

"ఒకసారి నడిపి చూస్తానండీ" అన్నాడు.

"బయానా పడకుండా చెట్టు మీద చెయ్యి పడకూడదండీ. మా దగ్గర పద్ధతి అది" అన్నాడు బావ.

"నడపకుండా బయానా ఎలా ఇస్తానండీ?"

న్యాయమైన ప్రశ్న. మా ఇంట్లో మనిషి నడుపుతారు, మీరు పక్కన కూర్చుని చూసుకోండి అని బావ దారి చెప్పాడు. చెప్పాక ఇంట్లో మనిషి ఎవరా అని చూశాడు. నాకు మోటారు సైకిలు తప్ప రాదు. తనకొచ్చిన డ్రైవింగు ఎంతో తనకు తెలుసు. ఆ షెడ్డులో కారు నడపగల మనిషి ఒక్కతే ఉంది, చేతిలో మంచినీళ్ల గ్లాసుల పళ్లెంతో.

అక్క పళ్లెం నాకిచ్చింది. చీర కొంగు నడుముకు దోపి, సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సరిచేసుకుంది. సుభాష్ బెల్టు రెండుసార్లు చూసుకున్నాడు. "కుడిపక్క ఎవరైనా వస్తుంటే కాస్త చెప్పండి బాబూ" అంది అతనితో. ఒక్క కుదుపు లేకుండా కారు షెడ్డులోంచి బయటికి జారి, నూజివీడు రోడ్డెక్కింది.

పది నిమిషాల్లో రావాలి. ఇరవై అయింది. బావ గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఎంత తిరిగి ఉంటది?" అని రెండుసార్లు అడిగాడు. ముప్పై అయిదు నిమిషాలకు వచ్చారు. కారు పైకప్పు తీసి ఉంది. అక్క ముడి ఊడిపోయి, నెరిసిన జుట్టంతా గాలికి చెదిరిపోయి, మొహం ఎర్రగా ఉంది. నవ్వుతోంది. అక్క పళ్లు కనపడేలా నవ్వడం నేను చిన్నప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే చూశాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ దిగి, తాళంచెవి తెచ్చి బావ చేతిలో పెట్టింది. "మంచి బండండీ. బేరం తెంపుకోండి" అని, టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

సుభాష్ ఇక బేరమే ఆడలేదు. "మేడమ్‌గారు గేరు మార్చినట్టే తెలీలేదండీ. మీరు చెప్పిన రేటుకే తీసుకుంటా" అని బయానా నోట్లు తీసి చాపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క నడిపింది కాబట్టే కారు అమ్ముడుపోతోంది.

బావ చెయ్యి చాపలేదు. వంటగది కిటికీ వైపు చూస్తున్నాడు. లోపల అక్క కనపడటం లేదు, గిన్నెల చప్పుడు వినపడుతోంది. ఆయన తాళంచెవిని గుప్పిట్లో బిగించాడు.

"ఒక షరతుందండీ" అన్నాడు చివరికి. "తోట అమ్మినా ఇంటిచెట్టని ఒకటి ఉంచుకుంటాం మేము."

"కారులో చెట్టేంటండీ?" అన్నాడు సుభాష్.

"జూన్ పద్నాలుగు దాకా బండి ఇక్కడే ఉంటది. మా ఇంటావిడ నడుపుకుంటది. మీటరు ఎంత తిరిగిందని మీరు అడగకూడదు."

"అలాగైతే రేటు తగ్గిద్దండీ మరి."

"తగ్గించుకోండి" అన్నాడు బావ.

పాతికేళ్లలో ఆ మాట ఆయన నోటి వెంట ఎవరూ వినలేదు. సుభాష్ కాస్త గట్టిగానే తగ్గించాడు. బావ కొన్న రేటు కన్నా కిందికి పోయింది. అయినా బయానా తీసుకున్నాడు.

ఆ నలభై రోజులు వాళ్లిద్దరూ ఇంటి పట్టున లేరు. తెల్లవారగానే బయల్దేరి, ఎండ ముదిరేలోపు తిరిగొచ్చేవాళ్లు. చాట్రాయిలో మా ఇంటికి నాలుగుసార్లు వచ్చారు. చింతలపూడి సంతకి ఆ ఎర్రకారులో వెళ్లి వంకాయలు కొనుక్కొచ్చారు. పక్కసీట్లో బావ. "కుడిపక్క ట్రాక్టరు వస్తోంది", "ఎడమపక్క సైకిలు", "గేదెలు, గేదెలు" అని దారంతా చెప్తూనే ఉండేవాడట. ఒకసారి నేను ఎక్కుతానంటే సీటు ఇవ్వలేదు. "నీకు చూసి చెప్పడం రాదురా" అన్నాడు. జూన్ పద్నాలుగున ఎక్కడికి వెళ్లారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

పదిహేనో తారీఖు పొద్దున సుభాష్ వచ్చాడు. నూజివీడులో కాగితాల పని పూర్తయ్యాక కారు తీసుకెళ్తాడు. అక్కకు లైసెన్సు గడువు ముగిసింది కాబట్టి నూజివీడు దాకా కారును అతనే నడిపాడు. మేం ముగ్గురం వెనకాల బస్సులో వెళ్లాం. ట్రాలీ బండి రిపేరుకని ముందురోజు నుంచే అక్కడి మెకానిక్ షెడ్డులో ఉంది. కాగితాలయ్యాక సుభాష్ మీటరు వైపు అప్పుడే సరిగ్గా చూసి నోరెళ్లబెట్టాడు.

"ఏంటండీ ఇది, ఢిల్లీ వెళ్లొచ్చారా?"

"ఇంటిచెట్టు కాయలు లెక్కపెట్టరండీ" అన్నాడు బావ.

ఎర్రకారు ఏలూరు దారి పట్టింది. మలుపు తిరిగేదాకా అక్క చూసింది. ఆ మలుపు దాకా ఆవిడకు కనిపించిందో లేదో నాకు తెలియదు. షెడ్డుకి వెళ్లి ట్రాలీ తీసుకున్నాం. అక్క అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి నడిచి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఆగింది. తర్వాత బండి చుట్టూ తిరిగి వెళ్లి ఎడమవైపు ఎక్కింది. నేను వెనక ట్రాలీలో కూర్చున్నాను. పదిహేడేళ్ల తర్వాత బావ ఆ సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆగిపోయింది.

"మూడో గేరులో ఉందండీ" అంది అక్క, రోడ్డు వైపే చూస్తూ. "మొదటికి రండి. తొందరేం లేదు, నేను చెప్తాను."