క్యాలెండర్ మీద డాలర్

దూడను అమ్మిన డబ్బు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. దాన్ని అడగడానికి మనవరాలు మూడు రోజులు నా చుట్టూ తిరిగింది. చెప్పకుండానే గిన్నెలు తోమింది, పేడ ఎత్తింది. ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

ఆమె నా బిడ్డ కూతురు. సిద్దిపేటలో ఇంజినీరింగ్ చదువుతూ నా దగ్గరే ఉంటుంది. నాకున్నవి ఊరి అంచున ఇల్లు, రెండు బర్రెలు, పాలు పోసే పదకొండు ఇళ్లు. నేను చదివింది రెండో తరగతి.

మూడో రోజు బయటపెట్టింది. డాలర్ ధర రోజూ కొంత పెరుగుతూ, కొంత తగ్గుతూ ఉంటుందట. అది ఎటు పోతుందో ముందే చెప్పేలా కంప్యూటర్‌కు నేర్పిందట. న్యూరల్ నెట్‌వర్క్ అన్నది. నాకు అర్థం కాలేదంటే నోటుబుక్కులో మూడు వరసల చుక్కలు పెట్టి, వరస నుంచి వరసకు గీతలు గీసింది. ఐదు రోజుల ధరలు ఈ పక్క ఇస్తే ఆ పక్క జవాబు వస్తుంది. జవాబు తప్పినప్పుడల్లా కొన్ని గీతలను బిగిస్తుంది, కొన్నింటిని వదులు చేస్తుంది. దుబ్బాకలో మా మేనత్త మగ్గం మీద పోగులు సరిచేసుకున్నట్టే కదా అన్నాను. మురిసిపోయింది.

"అయిపోయిన నూరు రోజులవి అడిగితే అరవై నాలుగు రోజులు కరెక్ట్ చెప్పింది అమ్మమ్మా. డాలర్‌కు గంత కరెక్టంటే మస్తు ఎక్కువ. నీ దూడ పైసలిస్తే డాలర్ మీద పెడ్త."

ఇవ్వనని చెప్పి లేవాల్సింది. కానీ ఆరు నెలలుగా ఆ చుక్కలతోనే కూర్చున్న పిల్ల. ఒక్క మాటతో కొట్టిపారేయబుద్ధి కాలేదు. మొదటిసారి అడిగినప్పుడు కంప్యూటర్ ఎన్ని కరెక్ట్ చెప్పిందని అడిగాను.

నలభై తొమ్మిదట. అప్పుడు చుక్కలు పెంచి, మళ్లీ నేర్పి, అవే నూరు రోజులు అడిగిందట. మళ్లీ తప్పితే మళ్లీ మార్చిందట.

"గట్ల ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలే. రెండు వందలుంటయి."

అప్పుడు నాకు నా పెళ్లయిన కొత్తలోని సంగతి గుర్తుకొచ్చింది. అంతవరకు ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను.

వానలు పడకముందు మా అత్త మక్కజొన్న విత్తనాలు నా చేతికిచ్చి మొలక చూడమన్నది. నూరు గింజలు తడిగుడ్డలో మూటగట్టి, నాలుగైదు రోజులకు విప్పి, మొలిచినవి లెక్కపెట్టాలి. చూడకుండా సంచి అడుగు నుంచి, నడుమ నుంచి పిడికెడు తీయడం పద్ధతి. నా మూటలో అరవై కూడా మొలవలేదు. విత్తనం నేనే ఎండబెట్టి దాచాను గనుక తిడతారని భయపడి, ఎవరికీ చెప్పకుండా ఇంకో మూట కట్టాను. అదీ తక్కువే. చివరికి నిగనిగలాడే గింజలు ఏరి కట్టాను. తొంభై మొలిచాయి. ఆ మూటే తీసుకెళ్లి చూపించాను. ఆ విత్తనమే వేస్తే చేనంతా జాగ జాగకు ఖాళీ. మా ఇంటాయన ఒక్క మాట అనలేదు. కొత్త విత్తనం కొని తెచ్చి, వంగి ఒక్కో ఖాళీలో ఒక్కో గింజ పెట్టాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"మూట మంచిగైంది బిడ్డా, గింజలు మంచిగ కాలే" అన్నాను.

పిల్ల తల దించుకుంది. ఆ ముఖం చూడలేక నేనే ఒక ఒప్పందం పెట్టాను. ఇక ఆ కంప్యూటర్‌లో ఏదీ మార్చొద్దు. రోజూ పొద్దున ఆ రోజు ధర ఎటో నాకు చెప్పాలి, నేను క్యాలెండర్ మీద రాస్తాను. నెల తర్వాత కూడా ఆ అరవై నాలుగు లెక్క నిలబడితే దూడ డబ్బు ఆమెదే. మాట తప్పను.

పెరుగుతుందంటే పైకి గీత, తగ్గుతుందంటే కిందికి గీత. సాయంత్రం ఫోన్‌లో చూసి చెప్తుంది, కరెక్టయితే చుట్టూ సున్నా చుడతాను. మొదటి వారం ఐదింట్లో నాలుగు సున్నాలు. పిల్ల కాలు నేల మీద నిలవలేదు. నిజం చెప్పాలంటే నేనూ డబ్బాలో చెయ్యి పెట్టి గుడ్డ ముడి ఒకసారి తడిమి చూశాను. రెండో వారం నుంచి సున్నాలు పలచబడ్డాయి. ఏదో ఒక రోజన్నా చుట్టాలని పెన్ను పట్టుకుని నేనే ఎదురుచూశాను.

నెల చివర ఆమే క్యాలెండర్ ముందు నిలబడింది. ఇరవై రెండు గీతలు, పదకొండు సున్నాలు.

"సగమే అమ్మమ్మా. బొమ్మా బొరుసేసినా గిన్నే వస్తయి."

పైసలతో ఏం చేద్దామనుకున్నావని అప్పుడు అడిగాను. ముందే అడగాల్సిన మాట.

"పొద్దుగాల బర్రె కింద కూసుంటే నీకు లేవరాదు. గుంజ పట్టుకొని లేస్తవ్. నేను చూస్తలేననుకుంటవ్. పైసలొస్తే బర్రెలను అమ్మించేద్దామనుకున్న."

"బర్రెలనమ్మి నేనేం చెయ్యాలె, నీ చుక్కలు లెక్కవెట్టాల్నా?" అన్నాను. ఏడుస్తున్నదల్లా నవ్వింది.

డబ్బు డబ్బాలోనే ఉంది. మర్నాడు పొద్దున కొట్టంలోకి వెళ్తే నా పీట మీద ఆమె ఉంది, మోకాళ్ల మధ్య బకెట్ పెట్టుకుని. కొత్త చెయ్యి కదా, బర్రె పాలు సరిగ్గా చేపలేదు. ధార సగం బకెట్‌లో, సగం నేల మీద. ఆ రోజు చివరి ఇంటికి పాలు చాలలేదు. గిన్నె అడుగున చుక్క మిగిల్చినా ఊరుకోని దాన్ని నేను. గుంజకు ఆనుకుని నిలబడి, బొటనవేలు ఎట్లా మడవాలో మాత్రం చెప్పాను.